ఉత్తరపు గోడ గీసిన ఆవిడ

న్యూజెర్సీలో మా ప్లెయిన్స్‌బరో తెలుగు వాట్సాప్ గ్రూపులో ఆవిడ పోయిన వార్త ఒక ఆదివారం పొద్దున వచ్చింది. పైన ఎవరో సోఫా అమ్ముతామని పెట్టిన ఫొటో, కింద ఇంకెవరో కూచిపూడి క్లాసుల గురించి అడిగిన ప్రశ్న, మధ్యలో ఆవిడ. చేతులు జోడించిన బొమ్మలు నలభై దాకా వచ్చాయి. ఒకాయన మాత్రం కాస్త శ్రమపడి రెండు వాక్యాలు రాశాడు. "ఆంటీ చేతి వంట మరిచిపోలేం. సాక్షాత్తూ అన్నపూర్ణ."

నాకు ఒళ్ళు మండింది. ఆవిడ వంట ఆయన ఒక్కసారి తిన్నా ఆ మాట రాయడు. నేను మూడేళ్ళు తిన్నాను కాబట్టి చెబుతున్నాను. ఆవిడ ఉప్మా డబ్బాలో పెట్టిన ఆకారంలోనే బయటికి వచ్చేది, అంచులు కూడా చెదిరేవి కావు. చారులో ఉప్పు ఉంటే చింతపండు ఉండేది కాదు, చింతపండు ఉంటే ఉప్పు ఉండేది కాదు. ఇదేంటాంటీ అంటే, "తినవే, లోపలికి పోయాక అన్నీ కలుస్తాయి" అనేది. అన్నపూర్ణట! పోయినవాళ్ళ గురించి మంచి చెప్పాలంటారు, సరే. కానీ ఆవిడ గురించి కొలతలేని మాట చెబితే ఎలా? తెలియంది తెలిసినట్టు చెబితే ఆవిడకు అసలు పడేది కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆవిడ నాకు పరిచయమైంది కూడా ఆ గ్రూపులోనే. అప్పటికి నేను కొత్త ఉద్యోగంలో చేరి, పాత కారొకటి కొనుక్కుని, శనివారాలు ఏం చేయాలో తెలియక మధ్యాహ్నం దాకా పడుకునేదాన్ని. ఒక శుక్రవారం సాయంత్రం ఈ మెసేజ్ వచ్చింది. "రేపు ఉదయం చర్చికి రైడ్ కావలెను. ప్రయాణం నలభై నిమిషములు. నేను మతం మారలేదు. గోడలు చూచుటకు వెళ్ళుచున్నాను. ఈ విషయమై ఎవరూ ఫోను చేయవద్దు. రైడ్ ఇచ్చినవారికి ఉప్మా ఇవ్వబడును."

నవ్వాపుకోలేక, నేను వస్తానని జవాబిచ్చాను.

మర్నాడు వాళ్ళ కూతురి ఇంటి ముందు కారాపితే, డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి వచ్చి ఎక్కింది. నేత చీర, పైన అల్లుడి స్వెట్టరు, కాళ్ళకు మనవడు విడిచేసిన స్పోర్ట్స్ షూస్, ముడిలో పెన్సిలు. చేతిసంచీలో టేపు, దారపుండ, టార్చి, పెన్సిలు చెక్కుకునే బ్లేడు. కూర్చోగానే డాష్‌బోర్డును జానతో కొలిచి తల ఊపింది, ఎందుకో నాకిప్పటికీ తెలియదు. నా పేరు అడగలేదు. ఊరు అడిగింది. కరీంనగర్ అన్నాను.

"మానేరు డ్యామా?" అంది. "మట్టికట్ట. పొడుగెక్కువ. మంచిది, పద."

ఊరిని డ్యాముతో గుర్తుపెట్టుకునే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. తర్వాత తెలిసింది, ఆవిడ గుంటూరు వైపు కాలవల ఆఫీసులో ట్రేసరుగా పనిచేసి రిటైరైందని. ఇంజినీర్లు పెన్సిలుతో గీసిన ప్లాను మీద పల్చటి గుడ్డ పరిచి, సిరా గీతలతో దానికి నకలు తీసేవాళ్ళను ట్రేసర్లు అనేవారట. ఇప్పుడా ఉద్యోగమే లేదు. ముప్పై ఏళ్ళు ఆవిడ తూములూ లాకులూ కాలవగట్లూ గీసింది. ఒక్క ప్లాను మీద కూడా ఆవిడ పేరు ఉండదు. మూలన చిన్న గడిలో రెండు పొడి అక్షరాలు, అంతే.

"ట్రేసరుకి సొంత బుర్ర ఉండకూడదే అమ్మాయ్" అనేది. "కిందున్న గీతని పైకి తేవడమే మన పని. సొంత బుర్ర వాడామా, తూము కొట్టుకుపోయిద్ది."

మా అపార్ట్‌మెంటుకు మొదటిసారి వచ్చినప్పుడు మంచినీళ్ళు కూడా తాగకముందే హాలు గోడను వేలి కణుపుతో కొట్టి చూసింది. డబడబమని చప్పుడు వచ్చింది. "అట్ట" అంది జాలిగా, నాకేదో జబ్బుందని తెలిసినట్టు. నెలకు ఇంత అద్దె కట్టి అట్టపెట్టెలో ఉంటున్నావా అని ఆ సాయంత్రమంతా బాధపడింది.

ఇక ఆవిడ చర్చి. అది ఈ దేశంలో పుట్టింది కాదు. ఫ్రాన్స్‌లో ఏదో పల్లెలో ఎనిమిది వందల ఏళ్ళ కిందట కట్టింది. వందేళ్ళ క్రితం ఇక్కడి ధనవంతుడొకాయన, పాడుబడి ఉన్న దాన్ని కొని, ప్రతి రాయి మీదా నంబరు వేయించి, ఓడలో తెప్పించి, న్యూజెర్సీ అడవిలో తన తోట చివర మళ్ళీ నిలబెట్టించాడు. అరవై మంది పడితే నిండిపోతుంది. ఇప్పుడొక చిన్న ట్రస్టు దాన్ని చూసుకుంటోంది. ఆవిడ మనవడి స్కూలువాళ్ళు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తే తోడుగా వెళ్ళిందట. పిల్లలంతా బస్సెక్కారు, ఆవిడ ఎక్కలేదు. టీచరు వెనక్కి వెళ్ళి చూస్తే లోపల ఒక మూల గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉందట. ఆ తర్వాత ఏడాదికల్లా ఆవిడే ఆ చర్చికి శనివారపు గైడు.

ఎవరొచ్చినా తిన్నగా లోపలికి పోనిచ్చేది కాదు. ముందు బయట చుట్టూ తిప్పేది. మన గుళ్ళో ప్రదక్షిణం లాగా కుడివైపుగానే. ఆవిడ ఇంగ్లిష్ ఆఫీసు ఫైలు ఇంగ్లిష్. "కైండ్లీ అబ్జర్వ్" అని మొదలుపెట్టేది, అమెరికా వాళ్ళు టక్కున నిలబడిపోయేవారు. గుండ్రటి కమాను చూపించి "గ్రాండ్‌ఫాదర్" అనేది. కొసదేలిన కమాను చూపించి "గ్రాండ్‌సన్. సేమ్ హౌస్" అనేది. పడమటి గోడ మీద పాత కప్పు ఆనిన గుర్తు ఏటవాలుగా మిగిలి ఉంది. దాని మీద టార్చి పక్కవాటుగా వేసి, మొదట కప్పు ఇంత కిందనే ఉండేదనీ, తర్వాత ఊరికి నాలుగు డబ్బులొచ్చి ఎత్తు లేపారనీ చెప్పేది. ఒక కిటికీ పక్క రాళ్ళ కంటే నున్నగా ఉంటుంది. అది తర్వాత గోడ తొలిచి పెట్టింది. దక్షిణాన ఒక తలుపు మూసేసి రాళ్ళు పేర్చారు. ఎందుకు మూశారని ఎవరో అడిగితే ఆవిడ చేతులు చాపి, "ఐ డు నాట్ నో" అంది హాయిగా. తెలియదని అంత సంతోషంగా చెప్పే గైడు ఇంకెక్కడా ఉండదు.

నాతో మాత్రం తెలుగులో చెప్పేది. "మనవాళ్ళు ఇల్లు పెంచుకోలా? ముందొక గది. పిల్ల పెళ్ళికొచ్చే వేళకి వసారా. తర్వాత దాబా. ఒక్కసారి ఎవరు కట్టారే ఇల్లు? ఇదీ అంతే. ఎనిమిది వందల ఏళ్ళ పాటు ఎవరో ఒకరు ఏదో ఒకటి మారుస్తూనే ఉన్నారు." అలా చెబుతూ గోడ మీద అరచెయ్యి కాక, చేతి వెనకవైపు ఆనించేది. జ్వరం వచ్చిన పిల్లల మెడ చూసినట్టు. అరచేతికి చెమట ఉంటుంది, రాయికి మంచిది కాదు అనేది.

ఆ చర్చితో పాటు వచ్చిన పాత కాగితాలన్నీ ఎప్పుడో పోయాయి. ప్లాను అంటూ ఏదీ మిగల్లేదు. నేను పరిచయం కావడానికి కొన్నేళ్ళ ముందు, ఆవిడ ఒక వేసవంతా టేపు పట్టుకుని అంగుళం అంగుళం కొలిచి, ట్రస్టు వాళ్ళ కోసం ప్లాను గీసింది. పాత పద్ధతిలోనే, సిరాతో. వాళ్ళు దానికి ఫ్రేము కట్టించి గుమ్మం పక్కన తగిలించారు. పోస్టుకార్డులు కూడా వేయించారు. కింద మూలన ఆవిడ పేరు, ఇంటిపేరుతో సహా. లోపలికి వెళ్ళిన ప్రతిసారీ ఆ అద్దాన్ని పైట చెంగుతో తుడిచేది.

"మొత్తం పేరు రాయనిచ్చారే" అనేది, ప్రతిసారీ కొత్తగా.

మూడో ఏడు వసంతంలో ఉత్తరపు గోడకు లోపల సున్నంలో పగులు కనబడింది. ట్రస్టు వాళ్ళు రాతి పని చేసే కాంట్రాక్టరును పిలిచారు. ఆయన బయట గోడను కప్పేసి ఉన్న పెద్ద ముళ్ళపొదను కొట్టించాడు. లోపల ఎన్నో ఏళ్ళుగా కదలని ప్రార్థన పుస్తకాల బీరువాను జరిపించాడు. అప్పుడు చూస్తే గోడ నడుమ బయటికి ఉబ్బి ఉంది. గుమ్మం పక్కనున్న ప్లానులో అదే గోడ తిన్నగా ఉంది. అంటే ఈ కొన్నేళ్ళలోనే ఉబ్బిందన్నమాట, ఎప్పుడైనా కూలుతుంది, నడిమి భాగం విప్పేసి, రాళ్ళు సరిచెక్కి, ప్లానులో ఉన్నట్టు తిన్నగా మళ్ళీ కడతాను అన్నాడు. ట్రస్టు సరేనంది. సోమవారం నుంచి కాక ఆ పై సోమవారం నుంచి పని.

ఈ సంగతి ఆవిడ నాకు కార్లో చెప్పింది. గోడ గురించి దిగులుపడుతూనే, మధ్యలో సంబరం దాచుకోలేక, "నా డ్రాయింగు ముందు పెట్టుకునే కడతారట" అంది. అంత గర్వంగా ఆవిడ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. కూతురికి డాక్టరు సీటొచ్చిన తల్లి గొంతు అది.

చర్చికి చేరి ఉత్తరం వైపు తిరిగాం. పొద లేకపోవడంతో గోడ మొత్తం ఒక్కసారిగా కనబడింది. ఆవిడ నడుస్తున్నదల్లా ఆగింది. తర్వాత సంచీలోంచి దారపుండ తీసి, ఒక కొస నా చేతికిచ్చి, పడమటి మూలకు పొమ్మంది. తను తూర్పు మూలకు వెళ్ళింది. బిగించి లాగాం. దారం తిన్నగా రాలేదు, నడుమ గోడను ఒరుసుకుని ఆగిపోయింది. ఇద్దరం చెరో అడుగు పుల్ల అడ్డం పెట్టి, గోడకు అడుగు ఎడంగా మళ్ళీ బిగించాం. ఆవిడ తన కొసను రాయికి కట్టి, మధ్యలోకి వచ్చి టేపు పెట్టింది. చివరల్లో అడుగు ఎడం. నడుమ మూడంగుళాలు. తొమ్మిదంగుళాల వంపు.

"ఉబ్బిందా ఆంటీ?" అన్నాను.

ఆవిడ వంపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు రాయికి తగిలేంత దగ్గరగా చూసింది. "ఇటు రా" అని పిలిచింది. వంపు తిరిగిన చోట రాళ్ళు ఒక పక్క సన్నగా, ఇంకో పక్క లావుగా ఉన్నాయి. వంపుకు సరిపోయేలా చెక్కినవి. ఉలి దెబ్బలు మిగతా గోడ మీద ఉన్నవే, అదే ఏటవాలు, అదే పాతదనం. లోపలికి పరిగెత్తింది. డెబ్బై ఏళ్ళ మనిషి పరిగెత్తింది, నేను చూశాను. బీరువా జరిపిన చోట, ఓడ ఎక్కించేటప్పుడు వేసిన నల్ల నంబర్లు చెరగకుండా అలాగే ఉన్నాయి. వరస తప్పకుండా, ఒకటి పక్కన ఒకటి. అంటే ఇక్కడ కట్టినవాళ్ళు పొరపాటు పడలేదు. గోడ ఉబ్బనూ లేదు. అది పుట్టినప్పుడే వంకరగా పుట్టింది.

"కూల్చలేదే!" అంది ఆవిడ. కళ్ళు మెరుస్తున్నాయి. "వాళ్ళు అంతకుముందు అక్కడున్న చిన్న గుడిని కూల్చలేదే అమ్మాయ్! ఆ పల్లెలో దక్షిణాన సమాధులుండి ఉంటాయి, అందుకే ఉత్తరానికి జరిగి పెద్దది కట్టుకుందామనుకున్నారు. కానీ చిన్న పాత గుడి సరిగ్గా ఈ గోడ దారిలో ఉంది. అది కూలిస్తే ఆదివారం ప్రార్థన ఎక్కడ? అందుకని దాన్ని ఉంచేసి, ఇటునుంచొకరు అటునుంచొకరు కట్టుకుంటూ వచ్చారు. మధ్యలో గుడి ఉంటే దారం ఎట్టా పట్టుకుంటారు? చివరికి పాతదాన్ని తీసేసి కలపబోతే జానెడు తేడా వచ్చింది. వంచి కలిపేశారు. ఒక్క ఆదివారం కూడా మూయకుండా కట్టారే వీళ్ళు!"

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి, ఫ్రేములో ఉన్న తన ప్లాను ముందు నిలబడింది. ఆ ప్లానులో ఉత్తరపు గోడ నిఖార్సుగా తిన్నగా ఉంది. ఆవిడ ముఖం పాలిపోయింది.

"నడుమ కొలవలేదే" అంది. "బయట పొద, లోపల బీరువా. రెండు కొసలూ కొలిచి స్కేలు పెట్టి కలిపేశాను. ముప్పై ఏళ్ళు కాలవగోడలు గీసిన చెయ్యి కదా. రెండు చుక్కలుంటే కలిపేయడమే దానికి తెలుసు."

తిరిగి వస్తుంటే రూట్ వన్ మీద ట్రాఫిక్ ఆగిపోయింది. ఆవిడ సంచీ ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. నేను చూడలేకపోయాను. అప్పుడు నేనొక మాట అన్నాను.

"ఆంటీ, గింత పరేషాన్ ఎందుకు? గోడ పాతదే, ముట్టకుండ్రి అని ఒక ఈమెయిల్ కొడదాం. డ్రాయింగ్ తప్పని చెప్పుడెందుకు? తన లెక్కే తప్పిందని కాంట్రాక్టరే అనుకుంటడు. లేదంటే ఇక్కడ కట్టినోళ్ళ మీదికి తోసేద్దాం, వాళ్ళెవరూ బతికి లేరు. ఎవలకు తెలుస్తది? మా ఆఫీసుల గూడ గిట్లనే జేస్తరు. మీ పేరు ఎందుకు పోగొట్టుకుంటరు?"

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగు. తప్పులు పట్టుకోవడానికే నాకు జీతం ఇస్తారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు.

"ఎదర చూసి నడుపు" అంది ఆవిడ. ఇంటి దగ్గర దిగాక, తలుపు వేసేముందు వంగి, "మంగళవారం ఆరింటికి ట్రస్టు మీటింగు. నువ్వు తీసుకెళ్తావా, గ్రూపులో అడగనా?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. నేనే తీసుకెళ్తానన్నాను.

మీటింగు చర్చి పక్కనున్న చెక్క హాల్లో. ఐదుగురు ట్రస్టు సభ్యులు, కాంట్రాక్టరు. అధ్యక్షురాలు రిటైరైన స్కూలు టీచరు, ఆవిడంటే ఎంతో ఇష్టమున్న మనిషి. కాంట్రాక్టరు తెర మీద ప్లాను చూపించి, ఈ డ్రాయింగు లేకపోతే గోడ ఇంత ఉబ్బిందని మనకు తెలిసేదే కాదు, ఈమెకు మనం కృతజ్ఞతలు చెప్పాలి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆవిడ లేచి నిలబడింది. స్వెట్టరు బొత్తాలు మెడ దాకా పెట్టుకుని ఉంది.

"సార్, మేడమ్. ద వాల్ ఈజ్ కరెక్ట్. ద డ్రాయింగ్ ఈజ్ రాంగ్."

అధ్యక్షురాలు మెల్లగా, మీరు కొలిచిన తర్వాత గోడ కదిలి ఉండొచ్చు కదా, అందులో మీ తప్పేముంది అంది. పాపం, దారి చూపిస్తోంది. ఆ దారిలో ఆవిడ రెండడుగులు వేస్తే చాలు. నేను టేబులు కింద ఆవిడ చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగాను కూడా.

"నో మేడమ్" అంది ఆవిడ, నా చెయ్యి విడిపించుకుని. "నాట్ మూవ్డ్. ఐ డిడ్ నాట్ మెజర్ ద మిడిల్. ఐ మెజర్డ్ టు కార్నర్స్ అండ్ ఐ జాయిన్డ్. ఇఫ్ యు బిల్డ్ మై డ్రాయింగ్, యు విల్ బిల్డ్ మై మిస్టేక్."

తర్వాత నా ఫోనులో ఫొటోలు చూపించమంది. ఏటవాలుగా చెక్కిన రాళ్ళు, వరస తప్పని నంబర్లు, దారం. సోమవారం ఆ రాళ్ళు సరిచెక్కితే మళ్ళీ రావని చెప్పింది. పాత గుడి సంగతి చెప్పింది. చెబుతూ చెబుతూ ఇంగ్లిష్ అందక తెలుగులోకి జారిపోతే నేను అందుకున్నాను. చివర్లో అధ్యక్షురాలు, "ఒక్క వారం కూడా ఆపకుండా కట్టారంటారా?" అని అడిగింది.

"నాట్ వన్ సండే" అంది ఆవిడ.

గోడ నిలిచింది. కాంట్రాక్టరు మర్నాడు వచ్చి మళ్ళీ చూసుకుని, పగులు పైనున్న నీళ్ళ గొట్టం కారడం వల్లేనని తేల్చాడు. గొట్టం బాగుచేసి, సున్నం పూశారు. గోడ కదులుతోందో లేదో ఖాయం చేసుకోవడానికి లేజరు యంత్రంతో మొత్తం కట్టడాన్ని కొలిపించాలని ట్రస్టు తీర్మానించింది. ఆ వారంలోనే గుమ్మం పక్కన ఆవిడ ఫ్రేము తీసేశారు. పోస్టుకార్డులు కూడా. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు, తప్పు ప్లాను ఎలా ఉంచుతారు? అయినా నాకు కోపం వచ్చింది. అది ఉండేచోట గోడ మీద తెల్లటి చతురస్రం మిగిలింది.

రెండు శనివారాలు ఆవిడ మెసేజ్ పెట్టలేదు. నేనే వెళ్ళాను. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. కూతురు టీ తెచ్చి పెట్టి, "ఏం తినట్లేదు, నువ్వన్నా చెప్పు" అని వెళ్ళిపోయింది. మంచి పని చేశారాంటీ, గోడ మీ వల్లే నిలిచింది అని ఏదేదో అన్నాను.

"తెలుసే" అంది ఇటు తిరక్కుండానే. "మంచిపనే. కానీ బాధగా ఉంది. ఈ దేశంలో నా పేరు ఉన్నది ఆ ఒక్క కాయితం మీదే."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ పక్కన కూర్చుని కాళ్ళు నొక్కాను. మా అమ్మకు కూడా ఎప్పుడూ నొక్కలేదు.

మూడో శుక్రవారం గ్రూపులో కాక, నాకే విడిగా మెసేజ్ వచ్చింది. "రేపు రైడ్ కావలెను. ఉప్మా కలదు."

మేం వెళ్ళేసరికి గుమ్మం పక్కన కొత్త ఫ్రేము ఉంది. లేజరు కొలతల నుంచి కంప్యూటరు గీసిన ప్లాను, కింద ఆ కంపెనీ పేరు. నేను అటు చూడకుండా ఆవిడను లోపలికి లాక్కుపోదామనుకున్నాను. ఆవిడ ఆగింది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి దగ్గరికి వెళ్ళింది. అద్దానికి తగలకుండా, వేలితో ఉత్తరపు గోడ గీత వెంట పడమటి నుంచి నెమ్మదిగా వచ్చింది. నడుమకు రాగానే గీత వంగింది. వేలు కూడా వంగింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చింది.

"అబ్బ!" అంది. "ఎంత బాగా వంగిందే! చూడవే, చూడు!" కళ్ళనిండా నీళ్ళు. నవ్వుతోంది. తన పేరున్న చోట ఇంకొకరి పేరు చూస్తూ మనిషి అలా నవ్వగలదని నేను అనుకోలేదు.

అంతలో ఇద్దరు పిల్లలతో ఒక కుటుంబం వచ్చింది. ఆవిడ చెంగుతో ముఖం తుడుచుకుని, ఆ కొత్త ఫ్రేము పక్కనే నిలబడి, "కైండ్లీ అబ్జర్వ్" అంది. "దిస్ వాల్ ఈజ్ నాట్ స్ట్రెయిట్. ఐ డ్రూ ఇట్ స్ట్రెయిట్. ఇట్ వజ్ మై మిస్టేక్. నౌ కమ్, ఐ విల్ షో యు."

ఆ తర్వాత ఆవిడ ప్రతి టూరూ అలాగే మొదలుపెట్టేది. ముందు తన తప్పు, ఆ తర్వాతే చర్చి. పోయిన చలికాలం జబ్బు పడేదాకా ఒక్కసారి కూడా ఆ ముక్క వదిలెయ్యలేదు. ఉత్తరపు గోడ దగ్గరికి రాగానే నన్ను ముందుకు లాగి, ఆ రోజు దారం అవతలి కొస పట్టుకున్నది ఈ అమ్మాయే, ఈ గోడ నిలబెట్టడంలో సగం ఈమెదే అని చెప్పేది. జనం నా వైపు చూసి మెచ్చుకోలుగా తలలు ఊపేవారు. నేను సిగ్గుపడుతూ నిలబడేదాన్ని. అది వినయం అనుకునేవారు.

రూట్ వన్ మీద కార్లో నేనన్న మాట ఆవిడ ఎవరికీ చెప్పలేదు. కూతురికి కూడా. నాతోనూ మళ్ళీ ఎత్తలేదు. తన తప్పు ఊరందరికీ చెప్పుకుంది, నాది మాత్రం దాచింది. ఆవిడ గురించి అందరూ అబద్ధం మీద అబద్ధం పేరుస్తున్న ఆ గ్రూపులో నిన్న రాత్రి అది రాయడం మొదలుపెట్టి, చెరిపేశాను. ఇక్కడ రాస్తున్నాను. దాచెయ్యమని చెప్పింది నేనే.